తూకం నూలు ముందు కూర్చుని నేర్చిన చదువు

మన సంచికల్లో చరిత్ర అంటే ముందుగా మార్కండేయ మహర్షి, భావనారుషి వస్తారు. దేవాంగులైతే దేవల మహర్షి, చౌడేశ్వరి అమ్మవారు. ఆ తర్వాత గుడి కట్టిన సంగతి, సంఘం పెట్టిన సంగతి, సొసైటీకి ఎవరెవరు ప్రెసిడెంట్లుగా చేశారన్న పట్టిక. అవన్నీ రావాల్సినవే, వచ్చాయి కూడా. ఈసారి మేము ఇంకో చరిత్ర రాద్దామనుకున్నాం. మన ఇళ్లల్లో పిల్లలు ఎట్లా నేర్చుకున్నారు అన్నది. మగ్గం దగ్గర చురుకైనవాడు అనిపించుకున్న పిల్లోడు బడిలో మొద్దు ఎట్లా అయ్యాడు అన్నది.

తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, ఆర్.కె.పేట, అటు తిరువళ్లూరు దాకా మన ఇళ్లల్లో యాభై దాటినవాళ్లను కూర్చోబెట్టి బడి రోజులు అడిగితే, నవ్వుతూనే అయినా ఒక మాట చెప్పేవాళ్లు ఎక్కువమందే దొరుకుతారు. "నీకు చదువెందుకురా, పోయి గుంటలో దిగు" అని అయ్యవారు అన్నారని. ఏ బడి, ఏ అయ్యవారు అన్నది ఇప్పుడు అనవసరం. ఆ మాట పడ్డవాళ్లలో కొందరు బడి మానేశారు. కొందరు ఆ మాట అబద్ధం చేయాలనే చదివి ఉద్యోగాల్లోకి పోయారు. ఎవరూ మరిచిపోలేదు.

ఆ మాట ఎందుకు వచ్చింది? అయ్యవార్లందరూ చెడ్డవాళ్లని మేము అనడం లేదు. వాళ్లకు ఎదురుగా కనిపించింది ఒకటి ఉంది. ప్రశ్న అడిగితే మన పిల్లోడు గబుక్కున చెయ్యి ఎత్తడు. చూస్తూ కూర్చుంటాడు. తెలిసినా చెప్పడు, పూర్తిగా తెలిసిందని లోపల అనిపించేదాకా నోరు విప్పడు. నలభైమంది ఉన్న క్లాసులో అట్లాంటి పిల్లోడు మొద్దులాగే కనిపిస్తాడు. ఆ చూస్తూ కూర్చునే అలవాటు ఎక్కడిదో తెలియాలంటే బడి వదిలి ఇంటికి రావాలి.

గుంట మగ్గం ఉన్న ఇంట్లో పని నేర్చుకోవడానికి ఒక వరస ఉండేది. ఎవరూ రాసిపెట్టింది కాదు. ఐదారేళ్ల పిల్లకు ముందు నూలు చిక్కు తీయడం. తర్వాత రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం. కండె వదులుగా వస్తే విప్పి మళ్లీ చుట్టొచ్చు, పోయేదేమీ లేదు. ఇంకొంచెం పెద్దయితే, తెల్లవారుజామున వీధిలో పడుగు సాచి గంజి పెట్టేటప్పుడు కర్ర పట్టుకుని నిలబడడం, తెగిన పోగు ఎక్కడుందో చూసి చెప్పడం. ముడి వేసేది పెద్దవాళ్లే, పిల్లల పని కళ్లతోనే. ఆ తర్వాత అచ్చు అతికేటప్పుడు ఎదురుగా కూర్చుని ఒక్కొక్క పోగూ తీసి అందించడం. పాత పడుగు కొసకు కొత్త పడుగు పోగును నలిపి అతకడం అవ్వల చేతిలో పని, బూడిద రాసుకున్న వేళ్లతో చూపు తిప్పకుండా చేసేవాళ్లు. ఇవన్నీ అయ్యాక ఎప్పటికో గుంటలో దిగడం. దిగినా మొదటి బెత్తెడు సాదా గుడ్డే. గళ్లు, అంచు, బుటా ఆ తర్వాత. నాయన పక్కనే నిలబడి ఉంటాడు, కాలి కింది చెక్క తప్పు పడితే నాడె వేయకముందే ఆపుతాడు.

ఇన్నేళ్లూ పిల్లలు వినే మాట ఒకటే. "చూడు. చెయ్యి పెట్టొద్దు."

బయటివాళ్లు దీన్ని చూసి ఓర్పు అంటారు, సంప్రదాయం అంటారు, రక్తంలో వచ్చింది అంటారు. మా లెక్క వేరే. ఆ నూలు మనది కాదు. అసలు సంగతి అది. షావుకారు నూలు తూకం వేసి ఇచ్చేవాడు, గుడ్డ తూకం వేసి తీసుకునేవాడు. తరుగు ఇంత అని ఒక హద్దు ఉండేది, దాటితే కూలీలో కోత. సొసైటీ వచ్చాక షావుకారు పట్టు కొంత సడలింది. మద్రాసులో 1935లో చేనేత సహకార కేంద్ర సంఘం మొదలైంది, ఇప్పుడు మనం కోఆప్‌టెక్స్ అంటున్నది అదే. కానీ సొసైటీలోనూ తక్కెడ ఉంది. పిల్లోడు కుతూహలం కొద్దీ చెయ్యి పెట్టి నాలుగు మూరల గుడ్డ పాడుచేస్తే ఆ వారం ఇంట్లో అన్నం తగ్గేది. అందుకే చూడు, చెయ్యి పెట్టొద్దు. తప్పు చేసి నేర్చుకునే స్తోమత లేని ఇల్లు పిల్లలకు తప్పు చేయకుండా నేర్చుకోవడం నేర్పింది. దానికి మార్గం ఒకటే, చాలాకాలం చూడడం.

కంపెనీ కాలంలో గుడ్డ నాణ్యాన్ని పుంజాల లెక్కలో చెప్పేవాళ్లు. పుంజానికి 120 పోగులు. 14 పుంజాల పడుగంటే 1680 పోగులు. ఇక్కడికి దగ్గర్లో ఉన్న పులికాటులో డచ్చివాళ్లు 1613లో కోట కట్టుకుని కూర్చున్నది ఈ తీరపు గుడ్డ కోసమే. అప్పటినుంచి కూడా గళ్ల గుడ్డలో ఒక రంగు పోగు వరస తప్పితే గుడ్డను తిప్పి పంపడం, ధర తగ్గించడం మామూలు. ఎవరి చేతిలో తప్పు జరిగితే వాళ్ల నెత్తినే పడేది. మన ఇళ్లల్లో ఆ జాగ్రత్త ఎన్ని తరాల వెనక నుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు.

ఇట్లా నేర్చుకున్నది మనమే కాదు. ఆఫ్రికాలో లైబీరియా దేశపు రాజధాని మన్రోవియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లను జీన్ లేవ్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1970ల్లో చాలాకాలం గమనించింది. అక్కడ కుర్రాడు ముందు గుండీలు కుడతాడు, అంచు మడిచి కుడతాడు, ఇస్త్రీ చేస్తాడు. బట్ట కత్తిరించడం అన్నిటికన్నా చివర. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తెర తప్పితే బట్ట పోయినట్టే. మన కండెలు ముందు, గుంట చివర. వాళ్ల గుండీలు ముందు, కత్తెర చివర. సముద్రాల అవతల ఉన్నవాళ్లకు కూడా లెక్క ఇదే అయింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మెక్సికోది. అక్కడ చియాపస్ కొండల్లో సినకాంతాన్ అనే ప్రాంతంలో మాయా జాతి ఆడవాళ్లు నడుముకు కట్టుకునే మగ్గం మీద నేస్తారు. పట్రీషియా గ్రీన్‌ఫీల్డ్ అనే మనస్తత్వవేత్త 1969, 1970లలో అక్కడికి పోయి, కార్లా చైల్డ్స్‌తో కలిసి, తల్లులు ఆడపిల్లలకు నేత ఎట్లా నేర్పుతున్నారో చూసింది. అప్పుడు అక్కడ నేత సొంత ఇంటి వాడకానికే. నమూనాలు కొన్నే. తల్లి పిల్ల వెనకాలే ఉండి, కష్టమైన చోట తనే చెయ్యి వేసి, తప్పు జరగనిచ్చేది కాదు. మనవాళ్లు చదివితే ఇది మా అమ్మే కదా అంటారు.

ఇరవై ఏళ్ల తర్వాత 1991లో గ్రీన్‌ఫీల్డ్ మళ్లీ అక్కడికే పోయింది. ఈలోపల ఆ ఊళ్లకు వ్యాపారం వచ్చింది, లారీలు వచ్చాయి, నేసిన గుడ్డ అమ్ముకోవడం మొదలైంది. ఆనాడు చిన్నపిల్లలుగా నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు తల్లులు. కానీ వాళ్లు తమ తల్లుల మాదిరి నేర్పడం లేదు. పిల్లలు చాలావరకు సొంతంగా, తప్పు చేసుకుంటూ, దిద్దుకుంటూ నేర్చుకుంటున్నారు. నమూనాలు లెక్కలేనన్ని అయ్యాయి. ఇంకో సంగతి కూడా ఆమె గమనించింది. రంగురంగుల పుల్లలిచ్చి గుడ్డ మీది చారలు పేర్చమంటే, మొదటి తరంలో నేత తెలిసిన ఆడపిల్లలు సన్న పుల్లలతో పోగు పోగుకీ లెక్కగా పేర్చారు. తర్వాతి తరం పిల్లల్లో వెడల్పు పుల్ల ఒకటి పెట్టి, ఇది ఎర్ర చార, అని సరిపెట్టుకునే తీరు పెరిగింది. ఆ తరం పిల్లలు ఎన్నడూ చూడని కొత్త నమూనాను కొనసాగించడంలో ముందున్నారు. అదే ఊరు, అదే రక్తం. బతుకుతెరువు మారితే చూసే తీరు మారింది, నేర్చుకునే తీరు మారింది. ఈ సంగతులన్నీ 2004లో ఆమె పుస్తకంగా వేసింది.

రక్తంలో వచ్చింది అనేవాళ్లకు మా దగ్గరున్న జవాబు ఇదే.

అట్లాగని ఒక ఇంటి పిల్లలందరూ ఒకే తీరుగా నేర్చుకుంటారని కాదు. లుంగీ గళ్లకు పడుగు ఆసు పోసే ఇంట్లో దీన్ని అందరూ చూసే ఉంటారు. రంగుల వరస అన్నకు ఒక తీరుగా ఎక్కుతుంది, తమ్ముడికి ఇంకో తీరుగా. ఒకడు లోపల పాటలాగా అనుకుంటూ పోతాడు: ఎరుపు నాలుగు, తెలుపు రెండు, ఎరుపు నాలుగు, నలుపు పన్నెండు. మధ్యలో పలకరిస్తే పోతుంది, మళ్లీ మొదటినుంచి. ఇంకొకడు మాదిరి గుడ్డను ముందు వేసుకుని కాసేపు చూస్తాడు. ఆ గడి బొమ్మగా కంటిలో కూర్చుంటుంది. లెక్క అడిగితే చెప్పలేడు, తప్పు పోగు పడితే మాత్రం, "అక్కడేదో బాగాలేదు నాయనా" అని దూరం నుంచే అంటాడు. ఇంట్లో ఇద్దరికీ పని ఉండేది. ఒకడు ఆసు దగ్గర, ఇంకొకడు నేసే గుడ్డ మీద కన్ను వేసి. ఒకడు తెలివైనవాడు, ఇంకొకడు కాదు అని ఎవరూ అనలేదు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో అమ్మకు తెలుసు.

ఇంగ్లాండులో గోర్డన్ పాస్క్ అనే ఆయన 1970ల్లో ఈ రెండు తీరులకూ పేర్లు పెట్టాడు. ముందు మొత్తాన్ని పట్టుకుని తర్వాత వివరాల్లోకి దిగేవాళ్లు ఒక రకం, ఒక్కొక్క మెట్టూ గట్టి చేసుకుంటూ పోయేవాళ్లు ఇంకో రకం. పాఠం వాళ్ల తీరుకు ఎదురుగా చెబితే ఇద్దరూ తడబడ్డారని ఆయన ప్రయోగాల్లో కనిపించింది. అంతకు ముందే 1940ల్లో అమెరికాలో హెర్మన్ విట్కిన్ చీకటి గదిలో ఒక వంకర చట్రం, దాని మధ్యలో ఒక కర్ర పెట్టి, కర్రను నిలువుగా తిప్పమని మనుషులను అడిగాడు. కొందరు చట్రం వంకరకు లొంగి కర్రను కూడా వంకరగానే నిలిపారు. కొందరు చట్రాన్ని పట్టించుకోకుండా నిలువు పట్టుకున్నారు. పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మను వెతికే పరీక్ష కూడా ఆయన చేశాడు. ఆ పరీక్ష గురించి చదివినప్పుడు మాకు గంజి పెట్టే వీధి గుర్తొచ్చింది. పదహారు వందల పోగుల్లో తెగిన ఒక్క పోగును చూపించే పిల్లకు ఆ బొమ్మ పెద్ద లెక్కా?

విట్కిన్ ఒక మాట గట్టిగా చెప్పేవాడు, చట్రాన్ని బట్టి చూసేవాళ్లు తక్కువ వాళ్లు కాదని, పక్కనున్న మనుషుల ముఖాలు, మాటలు చూసి నేర్చుకోవడంలో వాళ్లే ముందుంటారని. మాట మంచిదే. చిక్కు ఏమిటంటే ఆయన పరీక్షలో మార్కులు వచ్చేది ఒక రకం వాళ్లకే. ముఖం చూసి నేర్చుకోవడానికి అందులో మార్కు లేదు. అందుకే తర్వాతి వాళ్లు, ఇది తీరును కొలుస్తోందా, తెలివిని కొలుస్తోందా అని ఆయన్ను తప్పుపట్టారు. మన బడుల్లో జరిగింది కూడా ఇంచుమించు అదే.

ఇప్పుడు బడికి పోదాం. 1964లో అమెరికాలో జెరోమ్ కేగన్ అనే పిల్లల మనస్తత్వవేత్త ఒక బొమ్మ చూపించి, దాదాపు అట్లాగే ఉన్న ఆరు బొమ్మల్లో అచ్చంగా అదే ఏదో చూపించమని పిల్లలను అడిగాడు. కొందరు గబుక్కున వేలు పెట్టి తప్పు చెప్పారు. కొందరు ఆరింటినీ మార్చి మార్చి చూసి, ఆలస్యంగా, సరిగ్గా చెప్పారు. ఈ రెండో రకాన్ని ఆయన ఆలోచించి చెప్పేవాళ్లు అన్నాడు, మొద్దులు అనలేదు. మన పిల్లోడు రెండో రకం. కానీ నలభైమంది క్లాసులో ఆరింటినీ చూసేంత తీరిక ఎవరిస్తారు? వాడు మూడో బొమ్మ దగ్గర ఉండగానే ముందు బెంచీ వాడు చెప్పేస్తాడు, అది తప్పయినా చురుకైనవాడని పేరు వాడికే. ఇంట్లో తప్పు చేస్తే కూలీ కోత, అందుకని వాడు తప్పు అంటే భయపడడం నేర్చుకుని వచ్చాడు. బడిలో తప్పు చెబితే పోయేదేమీ లేదన్న సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. పైగా బడిలో తప్పుకు బెత్తం ఉండేది, అది ఇంటి పాఠాన్నే ఇంకా గట్టి చేసింది.

దీనికి తోడు మన ప్రాంతానికి ఇంకొకటి కలిసింది, భాష. తిరుత్తణి 1953 సెప్టెంబరు దాకా మద్రాసు రాష్ట్రం. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే చిత్తూరు జిల్లాతో పాటు అటు పోయింది. మా.పొ. శివజ్ఞానం గారు తిరుత్తణి తమిళులదేనని ఉద్యమం నడిపారు. పటాస్కర్ గారి తీర్పు, 1959 సరిహద్దుల మార్పు చట్టం, ఇవి అయ్యాక 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మళ్లీ మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాలోకి వచ్చింది. 1997లో తిరువళ్లూరు జిల్లా అయింది. మన నగరి, పుత్తూరు, నారాయణవనం చుట్టాలు అవతల ఉండిపోయారు, మనం ఇవతల. ఏడేళ్లలో రెండుసార్లు రాష్ట్రం మారిన ఊళ్లో ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, బడిలో కాలాన్ని బట్టి ఒకటి. మగ్గం మాటలు కూడా కలిసిపోయి ఉన్నాయి, పడుగును పావు అనేవాళ్లు, మగ్గాన్ని తరి అనేవాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు. మగ్గం దగ్గర దానితో ఇబ్బంది రాలేదు, చేతులు చూసి నేర్చుకునే చోట మాట ఏ భాషదైతేనేమి. బడి అట్లా కాదు. అక్కడ చదువంతా మాట మీదే నడుస్తుంది. ఇంటి భాష వేరైన పిల్లోడు ముందు మాటను అర్థం చేసుకోవాలి, తర్వాత లెక్కను అర్థం చేసుకోవాలి, ఆ తర్వాత నోరు విప్పాలి. చూస్తూ కూర్చునే సమయం ఇంకొంచెం పెరిగింది. మొద్దు అన్న పేరు ఇంకొంచెం గట్టిపడింది. ఇదే తిరుత్తణిలో 1888లో పుట్టి, తెలుగు ఇంట్లో పెరిగి, తిరుపతి, వేలూరు, మద్రాసు బడుల్లో, కాలేజీల్లో చదివి రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజునే దేశం ఉపాధ్యాయ దినోత్సవం చేసుకుంటోంది. ఆయన ఊరి పిల్లలకే ఈ మాట పడిందన్నది మాకు ఎప్పుడూ కొంచెం గుచ్చుకునేదే.

మగ్గం చదువును మెచ్చుకున్న ప్రభుత్వం కూడా ఒకటి వచ్చింది. దాని కథ మన పిల్లలకు తప్పక తెలియాలి. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలలకు కొత్త పద్ధతి పెట్టారు. బడి రోజుకు మూడు గంటలే. పిల్లలు రెండు జట్లు, ఒక జట్టు పొద్దున, ఒక జట్టు మధ్యాహ్నం. మిగిలిన పూట పిల్లలు ఇంట్లో తండ్రి చేసే పని నేర్చుకోవాలి. ఆ ఏడాది బడులు తెరిచేనాటికి తిరుత్తణి ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. బడులు చాలవు, అయ్యవార్లు చాలరు, ఉన్నవాటితోనే రెట్టింపు పిల్లలకు చెప్పొచ్చు అన్నది ఒక కారణం. చేతిపని గొప్పది, తండ్రి దగ్గర నేర్చుకున్నది బడిలో రాదు అన్నది ఇంకో కారణం.

పెరియార్, ద్రావిడ మున్నేట్ర కళగం దీన్ని కుల విద్యా పథకం అన్నారు. మంగలి కొడుకు మంగలిగా, నేతగాడి కొడుకు నేతగాడిగా ఉండిపోవడానికి ఇది దారి అన్నారు. కాంగ్రెసులోనే చాలామంది ఎదురు తిరిగారు. 1954 ఏప్రిల్‌లో రాజాజీ దిగిపోయి కామరాజు ముఖ్యమంత్రి అయ్యారు, మేలో పథకం రద్దయింది.

ఇక్కడ మా మాట కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. రాజాజీ చేనేతకు శత్రువు కాదు. ధోవతులు, చీరలు చేనేతకే వదిలిపెట్టాలని కేంద్రంతో పట్టుబట్టింది ఆయనే. తండ్రి దగ్గర నేర్చుకున్న పనిలో నిజమైన చదువు ఉందన్న మాటలోనూ అబద్ధం లేదు, పై పేజీలన్నీ మేము చెప్పింది అదే. గాంధీజీ కూడా 1937లో వార్ధాలో చేతిపని నడుమ చదువు చెప్పాలనే అన్నారు. కానీ గాంధీజీ చెప్పింది అందరి పిల్లలకూ, ఏ ఇంటి పిల్లైనా నూలు వడకాలి, అందులోనుంచే లెక్క, చరిత్ర నేర్చుకోవాలి అని. 1953 పథకంలో ఎవరి పిల్లలు వాళ్ల తండ్రి పనికే. తాసీల్దారు కొడుకు ఆ పూట ఇంట్లో ఏం నేర్చుకుంటాడు? పల్లె బడులకే కదా పథకం, టౌను బడుల పిల్లలు పూర్తిపూట చదువుకోవచ్చు. మన పిల్లలు చూపుతో నేర్చుకునే తీరు తూకం నూలు నేర్పిన తీరు అని చెప్పాం. ఆ పథకం దాన్ని పుట్టుక అనుకుంది. బడి అయ్యవారు మొద్దుతనం అనుకున్నది కూడా దీన్నే. పొగిడినవాళ్లూ తిట్టినవాళ్లూ చెప్పిన దారి మాత్రం ఒకటే, గుంటలోకి.

పథకం పోవడం మంచిదైంది. మన ఇళ్లల్లో దాన్ని గురించి వేరే మాట అనేవాళ్లూ ఉన్నారు. అది ఉండి ఉంటే పని ఇంత తొందరగా పోయేది కాదు, చెయ్యి తెలిసినవాళ్లు మిగిలేవాళ్లు అని. వాళ్ల బాధ మాకు అర్థమవుతుంది. అయినా పని నిలవడానికి కూలీ గిట్టాలి. పిల్లల చదువు కోసి పనిని నిలపలేం.

అసలు మన ఇంటి పద్ధతిలో బడి తీసుకోదగ్గది ఉందని గుర్తించిన తెల్లవాడు ఒకాయన చాలా ముందే ఉన్నాడు. ఆండ్రూ బెల్ అనే పాదిరి 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో అనాథ పిల్లల బడి చూసుకునేవాడు. ఇక్కడి వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాసుకోవడం చూసి తన బడిలో పెట్టాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఏర్పాటు చేశాడు. 1797లో దాన్ని పుస్తకంగా వేస్తే ఇంగ్లాండులో మద్రాసు పద్ధతి అని వేల బడులకు పాకింది. ఇసుకలో రాసే తప్పుకు ఖర్చు లేదు, చేత్తో తుడిచేస్తే పోతుంది. మన కండెలు చుట్టే అక్క తమ్ముడికి నేర్పినట్టే అక్కడ పెద్దపిల్లలు నేర్పారు. తర్వాత పలకలు వచ్చాయి, నోటు పుస్తకాలు వచ్చాయి, ఎర్ర సిరా వచ్చింది.

గుంట మగ్గం పోయి మరమగ్గం వచ్చాక మన ఇళ్లల్లో నేర్చుకునే తీరు కూడా మారింది. మెక్సికోలో ఇరవై ఏళ్లలో మారినట్టే ఇక్కడా మారింది. షెడ్డులో నాలుగు మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే మాట వినపడదు. చెయ్యి ఊపి, ముఖం చూపించి చెప్పాలి. పోగు తెగితే మగ్గం ఆపి వేసుకోవాలి, ఒక్క మనిషి నాలుగింటి మీద కన్ను వేసి తిరగాలి. ఒక్కదాన్నే చూస్తూ కూర్చున్నవాడికి అక్కడ పని లేదు, నాలుగు శబ్దాల్లో ఏది తేడాగా ఉందో పట్టుకునేవాడికి పని. ఇలాంటి షెడ్డు పక్కనే ఊయలలో పెరిగిన పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. మగ్గాల చప్పుడు ఆగితేనే నిద్ర లేచేవాళ్లు వాళ్లు. చదివేటప్పుడు పాట పెట్టుకోనిదే వాళ్లకు చదువు ఎక్కదని అమ్మలు ఫిర్యాదు చేస్తుంటారు. మేము నవ్వుకుంటాం.

ఇప్పుడు ఇంకో మోజు వచ్చింది, దీని గురించి హెచ్చరించక తప్పదు. మీ పిల్ల చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా అని పరీక్ష పెట్టి, కాగితం ఇచ్చి, డబ్బు తీసుకుంటున్నారు. వేలిముద్రలు స్కాన్ చేసి తెలివి చెబుతామనేవాళ్లు కూడా ఉన్నారు, దానికి శాస్త్రంలో ఆధారం లేదు. మొదటిదానికి కొంచెం వివరం కావాలి. హెరాల్డ్ పాష్లర్, ఇంకో ముగ్గురు మనస్తత్వవేత్తలు 2008లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. చూసే రకం పిల్లలకు బొమ్మలతో, వినే రకం వాళ్లకు మాటలతో చెబితే ఎక్కువ వస్తుందని రుజువు చేసే గట్టి ఆధారం దొరకలేదని తేల్చారు. మనుషుల్లో తేడాలు లేవని వాళ్లు అనలేదు. ఒక ముద్ర వేసి, దానికి తగ్గట్టే చదువు చెప్పాలన్నదానికి ఆధారం లేదన్నారు. మన అనుభవం కూడా అదే కదా. అన్న లెక్కతో, తమ్ముడు చూపుతో నేర్చుకున్నా, ఇద్దరికీ మాదిరి గుడ్డ ముందు పెట్టారు, ఇద్దరికీ రంగుల వరస చెప్పారు, ఇద్దరి చేతికీ చివరికి నాడె ఇచ్చారు. నువ్వు చూసేవాడివి, నీకు లెక్క వద్దు అని ఎవరినీ పక్కన పెట్టలేదు. ఒకప్పుడు నేతోడి కొడుకు అని ముద్ర వేశారు. ఇప్పుడు చేసి నేర్చుకునే రకం అని ముద్ర వేస్తున్నారు. ఆ కాగితం పట్టుకుని, అయితే వీడికి సైన్స్ వద్దులే, చేతిపని కోర్సు చాలు, అని ఒక తండ్రి అనడం మేము చెవులారా విన్నాం.

ఈ సంచిక చూసే తల్లిదండ్రులను మేము అడిగేది చిన్నదే. బడిలో టీచరమ్మను కలిసినప్పుడు, మా వాడు ఆలస్యంగా చెబుతాడు, కానీ చెబుతాడు, కొంచెం ఆగండి అని ఒక మాట చెప్పండి. ఇంట్లో వాడు లెక్క తప్పు చేస్తే కేకలేయకండి. అక్కడ పోయేది కాగితమే, షావుకారు నూలు కాదు. సాయంత్రం ట్యూషన్లు చెప్పే మన కుర్రాళ్లు కొందరు ఇప్పటికే ఒక పని చేస్తున్నారు. ప్రశ్న అడిగాక పది అంకెలు లెక్కపెట్టేదాకా ఎవరూ చెయ్యి ఎత్తకూడదని నియమం పెట్టారు. మొదట పిల్లలు నవ్వారట. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది దగ్గర వెనక బెంచీ నుంచి చేతులు లేస్తున్నాయని చెప్పారు.

అవ్వలు ఉన్న ఇళ్లవాళ్లకు ఇంకొక విన్నపం. అచ్చు అతకడం తెలిసిన చేతులు మన ఊళ్లల్లో ఇంక కొన్నే మిగిలాయి. వీలైతే ఫోనులో వాళ్ల చేతులను పట్టి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం. ముఖం కనపడకపోయినా ఫరవాలేదు. వేళ్లు కనపడితే చాలు, నిదానంగా, మొదటినుంచి చివరిదాకా.